క్రీడల్లో ఉద్యోగం చేసే ఆడవాళ్లు సరైన జీతం, మర్యాద ఎలా రాబట్టుకోవాలి? బెంగళూరులో ఉన్నవాళ్ల కోసం

బెంగళూరులో బ్యాడ్మింటన్ కోచ్‌గా చేరి నాకు పదేళ్లు దాటింది. ప్రతి ఏడాదీ సమ్మర్ క్యాంపులు మొదలయ్యే ముందు, కొత్త కాంట్రాక్టులు రాసుకునే రోజుల్లో, ఒకటే ప్రశ్న పదిమంది అడుగుతారు. అనంతపురం, హిందూపురం, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ కోచ్‌లుగా, ఫిజియోలుగా, ఫిట్‌నెస్ ట్రైనర్లుగా, క్లబ్ ప్లేయర్లుగా పనిచేస్తున్న అమ్మాయిలే ఎక్కువ. "అక్కా, నా తర్వాత చేరిన అబ్బాయికి నాకంటే ఎక్కువ ఇస్తున్నారు. అడగొచ్చా? అడిగితే తీసేస్తారేమో?"

అడగొచ్చు. ఎలా అడగకూడదో నాకు బాగా తెలుసు, అందుకే ముందు నా సంగతి చెబుతాను. 2018లో నేను పనిచేసిన ఒక అకాడమీలో తోటి కోచ్ ఒకతను బైక్ లోన్ ఫారం నింపిపెట్టమని తన పే స్లిప్ తెచ్చి నా ముందు పెట్టాడు. నాకన్నా ఏడాది తర్వాత చేరాడు. జీతం నాకన్నా తొమ్మిది వేలు ఎక్కువ. నేను అదే నిమిషంలో మేనేజర్ గదిలోకి వెళ్లి గట్టిగా మాట్లాడాను, ఏడ్చాను కూడా. "మీరు ఎమోషనల్ అవుతున్నారు మేడమ్, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఆ తర్వాత అనేది రాలేదు. ఆ రోజు నుంచి నాలుగు నెలలు నేను చేసిన ప్రతి గంటా నోటుబుక్కులో రాశాను. ఆ లెక్కతో మూడు పేజీల ఉత్తరం ఇచ్చాక నెలకు ఏడున్నర వేలు పెరిగింది. గడిచిన నెలల తేడా మాత్రం రాలేదు. ఎందుకంటే, దాన్ని అడగొచ్చని నాకు తెలియక ఉత్తరంలో రాయలేదు.

కాబట్టి కాగితం ముందు, మాట తర్వాత. కింద ఉన్నదంతా ఆ వరుసలోనే రాశాను.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆఫర్ లెటర్, నియామక పత్రం లేదా కాంట్రాక్టు. వాట్సాప్‌లో పంపిన ఫొటో అయినా సరే.
- కనీసం ఏడాది బ్యాంక్ స్టేట్‌మెంట్, పే స్లిప్‌లు.
- అర్హతల సర్టిఫికెట్లు: ఎన్ఐఎస్ డిప్లొమా, లెవల్ 1 కోచింగ్ కోర్సు, ఫుట్‌బాల్ అయితే లైసెన్స్, ఫిజియో అయితే డిగ్రీ.
- బ్యాచ్ టైమింగులు, టోర్నమెంట్ డ్యూటీలు, క్యాంపుల గురించి వచ్చిన మెసేజ్‌లు.
- ఒక నోటుబుక్కు. ఫోన్‌లో కాదు, పేజీ నంబర్లు వేసుకున్న మామూలు నోటుబుక్కు.
- అకాడమీ ఇచ్చినది కాకుండా మీ సొంత ఈమెయిల్.

చివరిది చాలామంది పట్టించుకోరు. గొడవ మొదలైన రోజే ఆఫీసు ఈమెయిల్ ఆగిపోతుంది, అందులో ఉన్నవన్నీ పోతాయి. మీకు సంబంధించిన కాగితాలను ముందే సొంత మెయిల్‌లో పెట్టుకోండి. మీవి మాత్రమే. పిల్లల వివరాలు, ఫీజుల షీట్లు, వేరేవాళ్ల జీతాల జాబితా తీసుకెళ్లొద్దు. అవి మీ చేతిలో కనిపిస్తే అసలు విషయం పక్కకు పోయి మీ మీదే కేసు అవుతుంది.

1. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోండి

దారి దీన్నిబట్టే మారుతుంది.

నెల జీతం తీసుకుంటూ వాళ్లు చెప్పిన టైమ్‌కు వచ్చి, వాళ్లు చెప్పిన బ్యాచ్‌లు తీసుకుంటుంటే మీరు ఉద్యోగి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. పాత 1976 సమాన వేతన చట్టం స్థానంలో ఇప్పుడు వేతనాల కోడ్, 2019 ఉంది. నియామక పత్రం అడిగి తీసుకోండి, అది మీ హక్కు.

కాంట్రాక్టులో 'కన్సల్టెంట్' అని రాసి, పదిశాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి మిగతాది ఇస్తున్నారా? బెంగళూరు అకాడమీల్లో ఎక్కువమంది ఇదే స్థితిలో ఉన్నారు. ఆదాయపు పన్ను శాఖ 2008లోనే క్రీడాకారులు, కోచ్‌లు, ట్రైనర్లు, అంపైర్లు, టీమ్ ఫిజియోల పనిని వృత్తి సేవల కింద చేర్చింది కాబట్టి ఆ కోత తప్పేమీ కాదు. అయితే పన్ను కోసే పద్ధతి వేరు, ఉద్యోగి అవునా కాదా అన్నది వేరు. హాజరు పట్టీలో సంతకం పెడుతున్నారా, సెలవుకు పర్మిషన్ అడగాలా, వేరేచోట కోచింగ్ చేయకూడదన్నారా? వీటికి అవునని చెప్పేట్టయితే పైన ఏ పేరు రాసినా మీరు ఉద్యోగి అని వాదించే అవకాశం ఉంది. 'కన్సల్టెంట్‌ని కదా, నాకేం హక్కులుంటాయి' అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి.

క్లబ్‌కో లీగ్‌కో సీజన్ కాంట్రాక్టు మీద ఆడేవాళ్లకు ఆ కాంట్రాక్టే ప్రధానం. దాంతోపాటు సమాఖ్య నిబంధనలు చూడాలి. ఉదాహరణకు ఇండియన్ విమెన్స్ లీగ్ క్లబ్‌లు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని ఆలిండియా ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో ప్రకటించింది. మీ క్లబ్ ఇంతకన్నా తక్కువ రాసిస్తే ఆ పదిమందిలో మీరు ఉన్నారా లేదా అని సంతకానికి ముందే అడగండి.

మ్యాచ్ ఫీజు మీద ఆడేవాళ్లు, రోజు లెక్కన వచ్చే స్కోరర్లు, అంపైర్లు కూడా మూడో అడుగు నుంచి ఇదే పద్ధతి వాడుకోవచ్చు.

2. నోటుబుక్కు మొదలుపెట్టండి

మూడు నెలలు. అంతకంటే తక్కువైతే 'ఆ నెల అలా జరిగింది' అంటారు. రోజుకు ఒక్క నిమిషం పని ఇది. తేదీ, వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్, ఏ బ్యాచ్, ఎంతమంది, అదనంగా చేసినది ఏమిటి. ఇలా ఉండాలి:

'మార్చి 9, ఉదయం 5:20 – 9:10. అడ్వాన్స్ బ్యాచ్, 14 మంది. సాయంత్రం 4 – 8:15. బిగినర్స్ రెండు బ్యాచ్‌లు. 8:15 నుంచి 8:50 పేరెంట్స్ మీటింగ్. హెడ్ కోచ్ రాలేదు, ఆయన బ్యాచ్ కూడా నేనే చూశాను.'

ఆ 'అదనంగా' అన్న గడి దగ్గరే ఆడవాళ్ల పని మాయమైపోతుంది. పేరెంట్స్ ఫోన్లు ఎవరు ఎత్తుతారు? టోర్నమెంట్‌కు వెళ్లినప్పుడు ఆడపిల్లల గదులు రాత్రి ఎవరు చూసుకుంటారు? పదకొండేళ్ల పాపకు మొదటిసారి నెలసరి వస్తే పక్కన ఎవరు కూర్చుంటారు? ఇవన్నీ మనమే చేస్తాం, సంతోషంగానే చేస్తాం, కానీ ఎక్కడా రాయం. జీతం మాట వచ్చేసరికి "ఆయన టోర్నమెంట్ డ్యూటీలు చేస్తాడు కదా" అంటారు. మీరు చేసిన రాత్రి డ్యూటీ కూడా టోర్నమెంట్ డ్యూటీయే. రాయండి.

జాగ్రత్త: రాసిన పేజీని వారానికోసారి ఫొటో తీసి మీ మెయిల్‌కు పంపుకోండి. అప్పుడు ఆ తేదీకే రాశారని రుజువు ఉంటుంది. ఒక్కరోజే కూర్చుని మూడు నెలలది ఒకే పెన్నుతో నింపితే చూసినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

3. సరైనవాళ్లతో, సరైన లెక్కతో పోల్చుకోండి

ఎక్కువ తప్పులు ఇక్కడే. 'హెడ్ కోచ్‌కు లక్ష, నాకు ముప్ఫై' అంటే ఆ పోలిక నిలవదు. ఒకే పని లేదా అదే తరహా పని అంటే ఏమిటో వేతనాల కోడ్ చెబుతుంది: నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత. ఒకే రకం పరిస్థితుల్లో ఈ నాలుగూ సమానంగా అవసరమైతే అది ఒకే పని. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి, మీకూ పోల్చుకునే అతనికీ విడివిడిగా నింపండి. నాలుగూ సరిపోతేనే ముందుకు వెళ్లండి. సరిపోకపోతే వేరొకరితో పోల్చండి.

తర్వాత గంట లెక్క. నెల జీతాలు పోల్చడం చాలదు. ఉదాహరణకు మీకు 32,000. ఉదయం మూడున్నర గంటలు, సాయంత్రం నాలుగు గంటలు, నెలకు 26 రోజులు. అంటే 195 గంటలు, గంటకు 164 రూపాయలు. అతనికి 38,000, సాయంత్రం ఐదు గంటలు మాత్రమే. అంటే 130 గంటలు, గంటకు 292 రూపాయలు. నెల జీతంలో తేడా ఆరు వేలే కనిపిస్తుంది. గంట లెక్కలో అతనికి మీకంటే ముప్పావు వంతు ఎక్కువ వస్తోంది. చూపించాల్సింది ఈ అంకె.

లెక్క తిరగబడొచ్చు కూడా. అతను ఆదివారాలు టోర్నమెంట్లకు వెళ్తూ నెలకు 250 గంటలు చేస్తూ 40,000 తీసుకుంటుంటే గంటకు 160 రూపాయలే పడుతుంది. అప్పుడు మీకు అన్యాయం జరగలేదు. అలా తేలితే ఒప్పుకుని ఆగండి. తప్పుడు లెక్కతో వెళ్తే తర్వాత మీ నిజమైన ఫిర్యాదును కూడా నమ్మరు.

జీతం ఒక్కటే చూడొద్దు, ప్రతి పద్దునూ విడిగా చూడండి. 2022 అక్టోబర్‌లో బీసీసీఐ మహిళా క్రికెటర్లకు మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. మంచి నిర్ణయం. 2005 ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టుకు మ్యాచ్‌కు వెయ్యి రూపాయలే వచ్చాయని మన మిథాలీ రాజ్ చెప్పారు, అక్కడి నుంచి చూస్తే ఎంత దూరమో. కానీ అదే 2022లో ఏడాది కాంట్రాక్టులో మహిళల పై గ్రేడుకు 50 లక్షలు, మగవాళ్ల పై గ్రేడుకు 7 కోట్లు. మ్యాచ్ ఫీజు సమానం, కాంట్రాక్టు సమానం కాదు. మీ అకాడమీలో కూడా 'జీతాలు అందరికీ ఒకటే' అని చెప్పి పర్సనల్ సెషన్ల వాటా ఒకరికి అరవై శాతం, ఇంకొకరికి నలభై శాతం ఇస్తుండవచ్చు. ప్రయాణ ఖర్చు, భోజనం డబ్బు, కిట్, షూస్, సెషన్ వాటా, బోనస్, ఇన్సూరెన్స్ అన్నీ వరుసగా రాసి చూడండి.

అతని జీతం ఎంతో ఎలా తెలుస్తుంది? నేరుగా అడగండి. తన జీతం తగ్గిస్తారని భయపడితే ఒక మాట చెప్పండి: సమానం చేయడం కోసం ఎవరి వేతనాన్నీ తగ్గించకూడదని అదే కోడ్‌లో ఉంది. ఈ మాట విన్నాక నాకు తెలిసిన ముగ్గురు మగ కోచ్‌లు తమ పే స్లిప్ తామే చూపించారు. చూపించనంటే బలవంతం చేయొద్దు. అదే ఉద్యోగానికి ఇచ్చిన ప్రకటనలో రాసిన జీతం కూడా పనికొస్తుంది.

4. కాంట్రాక్టును పెన్సిల్‌తో చదవండి

కొత్తగా చేరేవాళ్లకైతే ఇదే మొదటి అడుగు. సంతకానికి ముందు రెండు రోజులు టైమ్ అడగండి. 'ఇప్పుడే పెట్టాలి' అని కంగారు పెడితే, అలా ఎందుకు తొందరపడుతున్నారో ఆలోచించండి. చూడాల్సినవి:

డబ్బు పడే తేదీ. ఉద్యోగికి నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోపు పడాలి. 'స్పాన్సర్ డబ్బు వచ్చాక' అన్న వాక్యం ఉంటే కొట్టేయించండి. స్పాన్సర్ రావడం, రాకపోవడం మీ చేతిలో లేదు.

గాయం. ఆడుతూనో కోచింగ్ ఇస్తూనో మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, జీతం ఎన్ని నెలలు వస్తుంది? ఈ ఒక్క వాక్యం లేక ఇంటికి వెళ్లిపోయిన అమ్మాయిలను నేను చూశాను.

గర్భం, ప్రసవం. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, ముందటి ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవు చట్టమే ఇస్తోంది. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్రీడాకారిణులకు కనీసం 14 వారాలు, జీతంలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఇవ్వాలని ఫిఫా 2021లో నిబంధన పెట్టింది. 'గర్భం దాలిస్తే కాంట్రాక్టు రద్దు' అని ఎక్కడైనా కనిపిస్తే సంతకం పెట్టకండి. ఏ మాటల వెనక దాచి రాసినా సరే.

ప్రయాణం, బస. గది ఎవరితో, ఆడవాళ్లకు వేరే డ్రెస్సింగ్ రూమ్ ఉందా, టీమ్‌తో మహిళా స్టాఫ్ వస్తారా అని అడగండి. మహిళా క్రీడాకారులు ఉన్న బృందంతో మహిళా కోచ్ తప్పనిసరిగా వెళ్లాలని స్పోర్ట్స్ అథారిటీ 2022లోనే జాతీయ సమాఖ్యలకు చెప్పింది. ప్రైవేట్ క్లబ్‌ను అడగడానికి మొహమాటపడాల్సిన పనే లేదు.

నోటీసు. మీరు మూడు నెలలు ఇవ్వాలి, వాళ్లు ఒక్కరోజులో తీసేయొచ్చు అని రాసి ఉంటే రెండువైపులా ఒకటే ఉండేలా మార్పించండి. మానేశాక ఏడాది పాటు ఐదు కిలోమీటర్లలో కోచింగ్ చేయకూడదు లాంటి షరతులు ఉంటే ఎందుకని అడగండి.

మన దగ్గర నేర్చుకునే పిల్లలు, ఫొటోలు, సోషల్ మీడియా గురించిన షరతులు మామూలే. తొందరగా చదివి దాటేయొచ్చు.

కన్నడలోనో ఇంగ్లీషులోనో ఉండి అర్థం కాకపోతే సిగ్గుపడకండి. తెలిసినవాళ్లతో చదివించుకోండి. నేను మొదటి కాంట్రాక్టు చదవకుండానే సంతకం పెట్టాను. దానికి రెండేళ్లు బాధపడ్డాను.

5. ఉత్తరం ఇవ్వండి, తర్వాత కూర్చుని మాట్లాడండి

నోటి మాట కంటే ముందు ఒక పేజీ ఉత్తరం. ఇంగ్లీషులో రాయండి, కానీ సారం ఇలా ఉండాలి:

'డైరెక్టర్ గారికి. నేను 2022 జూన్ నుంచి మీ అకాడమీలో కోచ్‌గా పనిచేస్తున్నాను. గత మూడు నెలల నా పని గంటల పట్టిక జత చేశాను. ఇదే స్థాయి బ్యాచ్‌లకు, ఇవే అర్హతలతో పనిచేస్తున్న సహోద్యోగికి గంటకు వచ్చే మొత్తానికీ నాకు వచ్చే మొత్తానికీ తేడా ఉంది. వేతనాల కోడ్, 2019, సెక్షన్ 3 ప్రకారం ఒకే తరహా పనికి ఆడ, మగ అన్న కారణంతో వేతనంలో తేడా చూపకూడదు. తేడాకు వేరే కారణం ఉంటే రాతపూర్వకంగా తెలియజేయగలరు. లేకపోతే వచ్చే నెల నుంచి నా వేతనం సరిచేసి, గడిచిన నెలల తేడా కూడా ఇప్పించగలరు. పదిహేను రోజుల్లో మీ జవాబు కోరుతున్నాను.'

గడిచిన నెలల తేడా అన్న మాట వదిలేయకండి, నాలాగా. సహోద్యోగి పేరు అతను ఒప్పుకుంటేనే రాయండి. ఈమెయిల్ చేసి, కాపీ ఒకటి చేతికిచ్చి, మీ కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే రిజిస్టర్డ్ పోస్టు.

మీటింగ్‌కు పిలుస్తారు. ఒక్కరే వెళ్లకండి, తోటి కోచ్‌నో ఫిజియోనో తోడు తీసుకెళ్లండి. ఉదయం బ్యాచ్ అయిపోయిన వెంటనే, ఖాళీ కడుపుతో, అలసటతో కూర్చోవద్దు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ టెన్షన్‌లో మాట తూలేది అప్పుడే. వాళ్లు అనే మాటలు దాదాపు ఇవే: 'అతనికి ఫ్యామిలీ ఉంది', 'నువ్వు పెళ్లి చేసుకుని వెళ్లిపోతావు', 'సీనియర్ అబ్బాయిలకు నువ్వు స్పారింగ్ ఇవ్వలేవు'. మొదటి రెండూ పనికి సంబంధించినవి కావు. 'ఈ కారణం కాగితం మీద ఇవ్వండి సార్' అని మాత్రం అనండి. రాసిచ్చే ధైర్యం ఎవరూ చేయరు. మూడోది మాత్రం సీరియస్‌గా తీసుకోండి. ఎందుకంటే అది శ్రమ, నైపుణ్యం గడుల్లోకి వస్తుంది. మీ పట్టికలో దానికి జవాబు ఉండాలి.

మీటింగ్ అయిన సాయంత్రమే 'ఈరోజు మనం మాట్లాడుకున్నవి ఇవి' అని మెయిల్ పెట్టండి. వాళ్లు కాదనకపోతే అదే రికార్డు.

ఇంకో దారి కూడా ఉంది, మానేయడం. చెన్నైకి చెందిన స్క్వాష్ క్రీడాకారిణి దీపికా పల్లికల్ జాతీయ ఛాంపియన్‌షిప్‌లో మగవాళ్లతో సమానంగా ప్రైజ్ మనీ లేదని 2012 నుంచి 2015 వరకు ఆడలేదు. 2016లో సమానం చేశారు. ఆమె తిరిగి వచ్చి ఆ టైటిల్ గెలిచింది. నాకు ఆమె అంటే ఎంతో గౌరవం. కానీ అప్పటికే ఆమె అంతర్జాతీయ క్రీడాకారిణి, బయట ఆడుకునే అవకాశం ఉంది. పీజీ అద్దె, ఇంటికి పంపే డబ్బు జీతం మీదే ఆధారపడి ఉంటే మీరు ఒంటరిగా ఆ దారి పట్టవద్దు. నలుగురు కలిసి ఒకే ఉత్తరం మీద సంతకం పెడితే ఒక్కరిని ఏరి తీసేయడం కష్టం.

6. జవాబు రాకపోతే

పదిహేను రోజులు ఆగండి. ఇంకో పది రోజుల గడువుతో గుర్తు చేస్తూ మెయిల్ పెట్టండి. తర్వాత:

మొదట ఉచిత న్యాయ సలహా తీసుకోండి. న్యాయ సేవల చట్టం, 1987 ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఇది చాలామందికి తెలియదు, లాయర్ ఫీజుకు భయపడి ఆగిపోతారు. బెంగళూరులో సిద్ధయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార సంస్థ ఉంది. ఫోన్ అయితే 15100.

తర్వాత కార్మిక శాఖ. బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనకు వెళ్లి, మీ పనిచోటు ఏ అధికారి పరిధిలోకి వస్తుందో అడగండి. మీరు ఉండే చోటు కాదు, పనిచేసే చోటు ముఖ్యం. పీజీ మారతహళ్లిలో, అకాడమీ జయనగర్‌లో అయితే జయనగర్ చెప్పాలి. ఫిర్యాదు రెండు కాపీలు, పట్టిక, ఉత్తరం, బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసుకెళ్లండి. వేతనాల కోడ్ కింద మూడేళ్ల లోపు క్లెయిమ్ వేయొచ్చు. రావాల్సిన మొత్తంతోపాటు పరిహారం కూడా ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉంది.

సీజన్ కాంట్రాక్టు ప్లేయర్లు ముందుగా కాంట్రాక్టు చివరి పేజీల్లో వివాదం వస్తే ఎక్కడికి వెళ్లాలో చూడండి. సమాఖ్య కమిటీ అనో, మధ్యవర్తి అనో ఉంటుంది. ఆ గడువు దాటనీయకండి.

7. వేధింపు అయితే దారి వేరు

జీతం ఫిర్యాదులో దీన్ని కలిపి రాయకండి. రెండూ జరిగితే రెండు ఉత్తరాలు ఇవ్వండి.

పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం, పనిచోటు అంటే ఏమిటో చెప్పేటప్పుడు స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్, స్టేడియం, స్పోర్ట్స్ కాంప్లెక్స్, పోటీలు జరిగే చోటు అని పేరు పెట్టి మరీ చెప్పింది. ట్రైనీ, వాలంటీర్, రోజు కూలీ, కాంట్రాక్టు అన్న తేడా లేదు. జీతం లేకుండా ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఫిజియో కూడా ఫిర్యాదు చేయొచ్చు. 'నాతో మంచిగా ఉంటే టీమ్‌లో పెట్టిస్తా' అనడం కూడా వేధింపే, చెయ్యి వేయాల్సిన అవసరం లేదు.

పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళ అధ్యక్షురాలు, సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలు, బయటి నుంచి ఒకరు. సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా చూడండి. పదిమంది లేకపోతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. వివరాలు కె.జి. రోడ్డులోని కందాయ భవనంలో ఉన్న బెంగళూరు నగర జిల్లా డిప్యూటీ కమిషనర్ (మన కలెక్టర్ లాంటి అధికారి) కార్యాలయంలో అడగండి. ఆన్‌లైన్‌లో కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్ ద్వారా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

గడువు మూడు నెలలు. చివరిగా జరిగిన రోజు నుంచి లెక్క. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించగలదు. 'సీజన్ అయ్యాక చూద్దాం' అని ఆగిన అమ్మాయిలు ఈ గడువు దగ్గరే నష్టపోతారు. ఫిర్యాదు రాసి ఆరు కాపీలు ఇవ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఆ లోపు వేధించిన వ్యక్తిని వేరేచోటికి మార్చమనో, మీకు సెలవు ఇమ్మనో రాతపూర్వకంగా అడగొచ్చు. రాజీ అనేది మీరు కోరితేనే ఉంటుంది, అది కూడా డబ్బు తీసుకుని కాదు. ఎవరైనా డబ్బు మాట ఎత్తితే కమిటీకి చెప్పండి.

మెసేజ్‌లు ఉన్న ఫోన్ అమ్మకండి, మార్చకండి, ఫార్మాట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే చాలదు, అసలు ఫోన్ కావాల్సి రావచ్చు.

పద్దెనిమిది నిండని పాప విషయమైతే కమిటీ కోసం ఎదురుచూడొద్దు. అది పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద నేరం. 1098 లేదా 112కు ఫోన్ చేయండి. తెలిసి కూడా చెప్పకపోవడం మీ మీదకే వస్తుంది. అకాడమీ పేరు పోతుందని ఎవరు ఆపినా ఆగకండి. పెద్దవాళ్లకు మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.

8. వచ్చిందో లేదో సరిచూసుకోండి

'సరే, పెంచుతాం' అన్న మాటతో పని అయిపోదు. వరుసగా మూడు నెలలు ఇవి చూడండి.

సవరించిన జీతం రాసి ఉన్న కొత్త లెటర్ చేతికి వచ్చిందా? పే స్లిప్‌లో పెరిగిన మొత్తం బేసిక్‌లో చేరిందా, లేక 'ప్రత్యేక అలవెన్స్' అని పక్కన పెట్టారా? పక్కన పెట్టినది ఎప్పుడైనా తీసేయొచ్చు. పీఎఫ్ ఉంటే ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి, మీ జీతంలో కోసినదీ వాళ్లు కట్టాల్సినదీ రెండూ పడ్డాయా చూడండి. టీడీఎస్ కోసే చోట ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్ (మీ పేరు మీద జమైన పన్ను పట్టిక) చూడండి. కోసిన డబ్బు మీ పాన్ మీద కనిపించకపోతే అది కట్టలేదన్నమాట. మొదటి నెలలోనే మెయిల్ పెట్టండి, ఏడాది చివర్లో దొరకరు.

గంట లెక్క మళ్లీ వేయండి. జీతం పెంచి కొత్తగా రెండు బ్యాచ్‌లు అంటగట్టడం చాలాచోట్ల జరుగుతుంది. గంటకు 164 ఉన్నది 168 అయితే మీకు పెరిగినట్టు కాదు.

పెంచాక మీ బ్యాచ్‌లు తగ్గించారా? టోర్నమెంట్లకు పంపడం ఆపారా? అడ్వాన్స్ బ్యాచ్ తీసేసి బిగినర్స్ మాత్రమే ఇస్తున్నారా? నోటుబుక్కు మానకుండా ఉంటే ఈ మార్పు తేదీలతో సహా కనిపిస్తుంది. అదే మీ తర్వాతి ఉత్తరానికి ఆధారం.

మానేయాలనే నిర్ణయించుకుంటే, రాజీనామా ఇచ్చే ముందే అనుభవ పత్రం, అప్పటిదాకా ఇచ్చిన పే స్లిప్‌లు తీసిపెట్టుకోండి. ఉద్యోగికి మానేసిన తర్వాత రావాల్సిన వేతనం రెండు పని దినాల్లో ఇవ్వాలి. ఏడాది కాంట్రాక్టు మీద నియమితులైన ఉద్యోగికి ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ కూడా వస్తుంది, కొత్త కోడ్‌తో వచ్చిన మార్పు ఇది. 'అన్ని బకాయిలూ అందాయి' అన్న కాగితం మీద డబ్బు బ్యాంకులో పడ్డాకే సంతకం పెట్టండి.